అంగిలి వెడల్పు చేసే పరికరంతో పిల్లలకు నిద్రలో శ్వాస ఆగడం తగ్గిందా?

మా అబ్బాయికి 9 ఏళ్లు. రెండేళ్లుగా గురక. నోరు తెరిచి, మెడ వెనక్కి వంచి పడుకుంటాడు. తెల్లవారేసరికి దిండు చొంగతో తడిసిపోతుంది. గురక ఒక్కసారిగా ఆగిపోయి, ఏడెనిమిది సెకన్ల తర్వాత ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటాడు. పక్కనే కూర్చుని లెక్కపెట్టాను, చూడలేకపోతున్నాను.

నిరుడు నిద్ర పరీక్షలో గంటకు 9 సార్లు శ్వాసకు అడ్డు వస్తోందని తేలింది. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ తీయించాం. ఆరు నెలలకు మళ్లీ చేయిస్తే 4 వచ్చింది. పిల్లల్లో 1 దాటినా ఎక్కువేనట. ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే మూడు నెలలు వాడాం, పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పగలు ముక్కు బాగానే ఆడుతోంది, రాత్రి గురక పోలేదు. బరువు వయసుకు తగ్గట్టే ఉన్నాడు.

పళ్ల వరస సరిచేసే వైద్యురాలు పై దవడ ఇరుకుగా ఉందని, అంగిలికి స్క్రూ ఉన్న పరికరం బిగిస్తామన్నారు. రోజుకోసారి చిన్న తాళంచెవితో తిప్పితే పావు మిల్లీమీటరు చొప్పున వెడల్పవుతుందట. అంగిలే ముక్కుకు నేల కాబట్టి ముక్కు దారి కూడా విశాలమవుతుందన్నారు. సబబుగానే తోచింది, కానీ ఇదీ సగంలోనే ఆగిపోతుందేమోనని భయం.

టాన్సిల్స్ తీయించాక కూడా తగ్గని మీ పిల్లలకు ఈ పరికరం పెట్టించి ఉంటే, తర్వాతి నిద్ర పరీక్షలో ఆ సంఖ్య ఎంత నుంచి ఎంతకు తగ్గింది?