గోల్డెన్ ఇమేజ్ దాచుకోవాలా, ప్రతిసారీ కొత్తగా కట్టుకోవాలా?

పర్లాకిమిడి కుర్రోడు:
మా కంప్యూటర్ సెంటర్లో ముప్పై పాత పీసీలున్నాయి. ఒక సర్వర్ పెట్టి, డెస్క్‌టాప్‌లన్నీ దాని మీద నడిపిద్దామని ప్లాను. ఒకే సర్వర్లో చాలా కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్లలో ప్రాక్స్‌మాక్స్ మేలా, హైపర్-వి మేలా తేల్చుకోడానికి విండోస్ 11, 24హెచ్2 వెర్షన్‌తో ఒక వీఎం (సర్వర్ లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్) చేశాను. ఆఫీసు, తెలుగు, ఒడియా కీబోర్డులు వేసి పన్నెండు కాపీలు తీశాను. పేర్లు మార్చాను గానీ సిస్‌ప్రెప్ (కాపీ తీసేముందు ఆ మెషీన్ సొంత గుర్తులు చెరిపే విండోస్ టూల్) చేయలేదు. ఇప్పుడు ఒక వీఎంలోంచి ఇంకోదాని షేర్ ఫోల్డర్ తెరిస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది. కరెక్టు పాస్‌వర్డే, నాలుగుసార్లు చూసుకుని కొట్టాను. ఇంతకీ ఇలాంటి గోల్డెన్ ఇమేజ్, అదే కాపీలన్నిటికీ మూలంగా ఉండే డిస్కు ఫైలు, ఒకటి బాగా చేసి దాచుకోమంటారా, టెస్టు పెట్టుకున్నప్పుడల్లా కొత్తగా కట్టమంటారా?

బరంపురం మాస్టారు:
దాచుకో. ఇందులో చర్చేముంది? ఒక్కసారి కూర్చుని శ్రద్ధగా చెయ్యి, డిస్కులో పెట్టి బీరువాలో పెట్టు. ఇరవై ఏళ్లుగా నా పద్ధతి అదే.

సిస్‌ప్రెప్ చేయలేదని బాధపడకు. మెషీన్ గుర్తింపు సంఖ్య, అదే సిడ్, రెండింటికి ఒకటే ఉంటే కొంప మునుగుతుందన్నది వట్టి అపోహ. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ రుసినోవిచ్ స్వయంగా 2009లో రాశాడు. సిడ్ మార్చడానికి తాను చేసిన న్యూసిడ్ ప్రోగ్రామునీ అప్పుడే ఆపేశాడు. సిస్‌ప్రెప్ కొడితే అసలుకే మోసం. మా వాళ్లకు ఒకసారి చేసి ఇస్తే కొత్త యూజర్‌కి ఒడియా కీబోర్డు మాయం. పాఠం మొదలయ్యే టైముకి పాతికమంది పిల్లలు నా మొహం చూస్తున్నారు.

జయపురం:
కీబోర్డు పోయింది సిస్‌ప్రెప్ వల్ల కాదండీ. సెటప్‌కి జవాబులు ముందే రాసిపెట్టే ఆన్సర్ ఫైల్లో, మన సెట్టింగులు కొత్త యూజర్లకూ ఇచ్చే కాపీప్రొఫైల్‌ని ట్రూ పెట్టలేదు.

రాయగడ అమ్మాయి:
మాస్టారూ, ఆ వ్యాసం నేనూ చదివాను. సిస్‌ప్రెప్ చేయకుండా తీసిన కాపీలకు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఉండదని ఆయన అందులోనే రాశారు. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

పైగా అది 2009 మాట. 2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, విండోస్ సర్వర్ 2025 ఈ సిడ్‌ని చూస్తున్నాయి. రెండు మెషీన్లకు ఒకటే ఉంటే లాగిన్ సరిచూసే పద్ధతులు కెర్బెరోస్ గానీ ఎన్‌టీఎల్ఎం గానీ లోపలికి రానివ్వవు. తమ్ముడూ, ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో 6167 నంబరు ఎర్రర్ ఉందేమో చూడు.

పర్లాకిమిడి కుర్రోడు:
ఉంది అక్కా. మెషీన్ ఐడీ సరిపోవడం లేదని ఎర్రగా వరసగా ఉన్నాయి.

బరంపురం మాస్టారు:
అంటే చెడగొట్టింది అప్‌డేటు, ఇమేజ్ కాదు. ఆ అప్‌డేటు తీసేసి, మిగతావీ ఆపెయ్, పోతుంది.

జయపురం:
అప్‌డేట్లు ఆపేసిన విండోస్ మీద టెస్టు చేస్తే తేలేదేంటి? రేపు పిల్లలు వాడేది అది కాదుగా.

సిరొంచ నుంచి:
లినక్స్‌లో మాకూ ఇదే గోల. ఉబుంటు సర్వర్ వీఎం కాపీలు ఆరింటికీ రౌటర్ ఒకే ఐపీ ఇచ్చింది. టెంప్లేట్ (కాపీలకు మూలం) చేసేముందు, ఆ మెషీన్ గుర్తింపు ఉండే మెషీన్-ఐడీ ఫైలు ఖాళీ చేయలేదు. లినక్స్ టూల్ virt-సిస్‌ప్రెప్ కొడితే అదీ, రిమోట్ లాగిన్‌కి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలూ అన్నీ తుడిచేస్తుంది.

బరంపురం మాస్టారు:
లినక్స్ సంగతి ఇక్కడెవరూ అడగలేదు. సిడ్ దగ్గరే ఉందాం.

రాయగడ అమ్మాయి:
సిడ్ ఒక్కటే కాదు మాస్టారూ. విండోస్ 11 అంటే టీపీఎం, అదే రహస్య తాళాలు (కీలు) దాచే చిప్పు, కావాలి. వర్చువల్ టీపీఎం ఉన్న వీఎంని అలాగే కాపీ తీస్తే దాంట్లోని తాళాలు కూడా కాపీ అవుతాయి. డిస్కు మాత్రమే టెంప్లేట్ చేసుకుని, ప్రతి వీఎంకీ కొత్త టీపీఎం ఇవ్వాలి.

తమ్ముడూ, ఇంకో ప్రశ్న. రెండు ప్లాట్‌ఫారాల స్పీడు ఎలా కొలిచావు?

పర్లాకిమిడి కుర్రోడు:
హైపర్-విలో బూట్ అవగానే చూశాను. ప్రాక్స్‌మాక్స్‌కి డిస్కుని అది వాడే క్యూకౌ2 ఫార్మాట్‌లోకి మార్చితే మొదట నీలం తెర వచ్చింది, అక్కడి వర్చువల్ డిస్కుకి కావాల్సిన virtio డ్రైవర్ లేదు. అది వేసి, ఆన్ చేసి, టీకి వెళ్లొచ్చి చూశాను. ప్రాక్స్‌మాక్స్ చాలా ఫాస్ట్.

జయపురం:
గెలిచింది ప్రాక్స్‌మాక్స్ కాదు, నీ టీ. ఆ పావుగంటలో డిఫెండర్, ఇండెక్సింగ్, స్టోర్ అప్‌డేట్లు అన్నీ సద్దుమణిగుంటాయి. రెండు చోట్లా ఒకే ఇమేజ్, డ్రైవర్లు ముందే లోపల వేసి, బూటయ్యాక ఒకే టైము ఆగి కొలవాలి.

రాయగడ అమ్మాయి:
అందుకే స్క్రిప్టుతో కట్టాలనేది. ఇమేజ్‌ని తనంతట తాను కట్టే ప్యాకర్ టూల్, ఒక ఆన్సర్ ఫైలు చాలు. ఏ డ్రైవర్ వేశామో, ఏ సర్వీస్ ఆపామో అందులో రాసి ఉంటుంది. రెండో ప్లాట్‌ఫారానికీ అదే ఫైలు.

బరంపురం మాస్టారు:
ఫైలు చాలంట! విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైలు ఐదారు జీబీ, దాని మీద అప్‌డేట్లు. మా వైపు నెట్ సంగతి తెలిసే మాట్లాడుతున్నావా తల్లీ? గుణుపురం పాసింజర్లో డిస్కు ఒళ్లో పెట్టుకుని ఇమేజ్ మోసినవాణ్ని. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన రోజే ఒక బడి ల్యాబ్‌ని నిలబెట్టింది బీరువాలోని నా డిస్కే. మీ స్క్రిప్టులు అప్పుడెక్కడున్నాయి?

రాయగడ అమ్మాయి:
ఐఎస్ఓ ఒక్కసారి దించుకుంటే చాలు మాస్టారూ, అదీ మీ బీరువాలోనే పెట్టుకోవచ్చు.

బీరువా సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేను చేరిన మొదటి ఆఫీసులో ఇలాగే ఒక పెద్దాయన చేసిన ఇమేజ్ ఉండేది. ఆయన రిటైరయ్యాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు, లోపల ఏముందో ఎక్కడా రాసి లేదు. ఒక ప్రింటర్ డ్రైవర్ కోసం మూడు వారాలు తల పట్టుకుని, చివరికి మొత్తం తీసి కొత్తది చేశాను. "బాగున్నదాన్ని చెడగొట్టింది" అని పేరు నాకొచ్చింది. ఒక మనిషి బుర్రలో ఉన్నదాన్ని నమ్ముకుని నేను మళ్లీ పని చేయను.

బరంపురం మాస్టారు:
నా బుర్రలోనే ఉందని ఎవరు చెప్పారు? రూళ్ల నోట్‌బుక్కులో రాసుకున్నాను. 41 స్టెప్పులు. 17వ దాని దగ్గర ఎర్ర ఇంకుతో మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఇమేజ్ ఇవ్వండి అన్నవాళ్లే గానీ ఎలా చేశారు అన్నవాడు లేడు. తీసుకెళ్లి, లోపల వాల్‌పేపర్ మీద నా పేరు చెరిపేసి, తమదని చెప్పుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు. రేపు స్క్రిప్టు ఇస్తే నడిపించేవాడికి అది కూడా చదవాలని ఉండదు.

జయపురం:
ఓహో. ఇప్పటిదాకా కొట్టుకున్నది సిడ్ గురించి కాదన్నమాట.

రాయగడ అమ్మాయి:
మాస్టారూ, ఆ నోట్‌బుక్కే కదా స్క్రిప్టంటే. నేనడుగుతున్నాను. ఫొటోలు పెడతారా? పైన మీ పేరుతోనే రాస్తాను.

సిరొంచ నుంచి:
విండోస్ 11 ఎవాల్యుయేషన్ (ఉచిత ట్రయల్) కాపీ అయితే 90 రోజులే, మర్చిపోకండి. బీరువాలో పెట్టుకున్నా గడువు గడువే.

పర్లాకిమిడి కుర్రోడు:
పన్నెండు కాపీలూ తీసేశాను. అసలు వీఎంకి స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి ఉన్నదున్నట్టు కాపీ) తీసుకుని, గుర్తులు చెరిపే సిస్‌ప్రెప్ జనరలైజ్ కొట్టాను, ఆగిపోయింది. సిస్‌ప్రెప్ లాగులుండే పాంథర్ ఫోల్డర్లో సెటప్‌యాక్ట్ లాగ్ చూస్తే, ఏదో స్టోర్ యాప్ ఒక యూజర్‌కే ఉంది, అందరికీ లేదు అని వస్తోంది.

బరంపురం మాస్టారు:
నా నోట్‌బుక్కులో 17వ స్టెప్పు అదే. నెట్ వైరు పీకి చెయ్యమని అందుకే రాశాను. నెట్ ఉంటే స్టోర్ తనంతట తాను ఆ యూజర్‌కి యాప్‌లు అప్‌డేట్ చేసేస్తుంది, అప్పుడు ఈ పేచీ వస్తుంది. పవర్‌షెల్‌లో ఆ యాప్‌ని ఆ యూజర్ నుంచి తీసెయ్, కొత్త యూజర్లందరికీ వచ్చేలా ప్రొవిజన్ అయి ఉంటే అక్కడా తీసెయ్, మళ్లీ కొట్టు.

పర్లాకిమిడి కుర్రోడు:
సిస్‌ప్రెప్ వద్దన్నారు కదా మాస్టారూ, మరి నోట్‌బుక్కులో ఎందుకుంది?

బరంపురం మాస్టారు:
అవసరం లేదన్నాను. చేయనని అనలేదు.

ఫొటోలు పెట్టను, నా రాత మీకు అర్థం కాదు. ఆదివారం ఇద్దరూ బరంపురం రండి. సిడ్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను.