12–12 అయితే కిరీటం పాత విజేతకేనా? 1951 మాస్కో చెస్ మ్యాచ్‌పై చర్చ

తెల్లగడి:
1951 మే 11న మాస్కోలో ప్రపంచ చెస్ చాంపియన్ బోట్విన్నిక్, ఆయనకు సవాలు విసిరిన బ్రాన్‌స్టైన్ మధ్య చివరిదైన 24వ గేమ్ 22 ఎత్తుల్లో డ్రా అయింది. మ్యాచ్ 12–12. చెరో 5 గెలుపులు, 14 డ్రాలు. స్కోరు సమమైతే కిరీటం పాతవాడిదే అన్న నిబంధన ఉండటంతో బోట్విన్నిక్ ప్రపంచ చాంపియన్‌గా కొనసాగాడు. ఓడిపోని మనిషిని ఖాళీ చేతులతో పంపడం అన్యాయమని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాతబోర్డు:
నేను ఒప్పుకోనండీ. చాంపియన్‌ను ఓడించే కిరీటం తీసుకోవాలి. బోట్విన్నిక్ 1948 తర్వాత మూడేళ్లు పోటీ గేమే ఆడలేదు. అలాంటివాడి మీద కూడా ఆధిక్యం రాలేదు కదా! 6వ గేమ్ గుర్తు చేసుకోండి. డ్రా చేతిలో ఉన్న ముగింపులో బ్రాన్‌స్టైన్ గుర్రంతో చెక్ ఇవ్వాల్సింది పోయి రాజును జరిపాడు. అంతే, ఓడిపోయాడు. డ్రాకి వచ్చే ఆ అర పాయింటు ఉంటే 12.5–11.5తో ఆయనే చాంపియన్. తప్పు నిబంధనది కాదు.

శకటు:
6వ గేమ్ సంగతి నిజమే. కానీ నాకు బాధ కలిగించేది 23వ గేమ్. అప్పటికి బ్రాన్‌స్టైన్ 11.5–10.5తో ముందున్నాడు. బోట్విన్నిక్ రెండు శకటాలతో, ఆయన రెండు గుర్రాలతో ముగింపులోకి వెళ్లారు. వాయిదా పడ్డ ఆట మళ్లీ మొదలయ్యాక 57వ ఎత్తు దగ్గర బ్రాన్‌స్టైన్ ఓటమి ఒప్పుకున్నాడు. ఎవరో ఓడమని బలవంతం చేశారని చాలామంది అంటారు. ఆయన మాత్రం తర్వాత, బలవంతం లేదు, మానసిక ఒత్తిడి ఉంది, దానికి లొంగాలా వద్దా అన్నది నా చేతిలోనే ఉండింది అన్న అర్థం వచ్చేలా రాశాడు. అందుకే నేను కుట్ర అనను.

తెల్లగడి:
పాతబోర్డు గారూ, 6వ గేమ్ తప్పు ఆయనదే, కాదనను. కానీ చివరి గేమ్‌కి 11.5–11.5. డ్రా అయినా బోట్విన్నిక్‌కి చాలు, బ్రాన్‌స్టైన్ మాత్రం గెలవాల్సిందే. ఆ టెన్షన్ ఒక్కడి మీదే ఎందుకుండాలి? 1954లో బోట్విన్నిక్‌తో ఆడిన స్మిస్లోవ్‌కీ ఇదే జరిగింది, అదీ 12–12తోనే. 2012లో ఆనంద్, గెల్ఫాండ్ అదే మాస్కోలో 6–6 అయితే ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే గేములు) ఆడించారు, ఆనంద్ గెలిచాడు.

పాతబోర్డు:
వారాల తరబడి ఆడిన మ్యాచ్‌ని 25 నిమిషాల గేములతో తేల్చడం నాకు అంతకన్నా పెద్ద అన్యాయం.

తెల్లగడి:
అయితే ర్యాపిడ్ వద్దు. ఇంకో నాలుగు మామూలు గేములు ఆడించమనండి, ఆధిక్యం వచ్చేదాకా.