ఆన్‌లైన్ వేలంలో 1914-15 మెడల్ ట్రయో: బిడ్ వేసే ముందు ఏం చూడాలి?

రిబ్బన్‌బార్ (ప్రశ్న):
మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మెడల్స్ మూడు ఒకే లాట్‌గా వేలానికి వచ్చాయి: 1914-15 స్టార్, వెండి బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్. ఫొటోలు రెండే పెట్టారు, రెండూ ముందువైపువే. వివరణలో "ఒకే సైనికుడివి, మంచి కండిషన్" అని మాత్రం ఉంది. సంస్థను ఏమేం అడగాలి? గరిష్ఠ బిడ్ ఎలా లెక్కగట్టాలి?

అంచుచూడు:
ముందువైపు చూస్తే ఏమీ తేలదండి. ఇవి లక్షల్లో ముద్రించిన మెడల్స్, బొమ్మలన్నీ ఒకటే. ఒకదాన్ని ఇంకోదాన్నుంచి వేరుచేసేది దాని మీద కొట్టిన పేరే, ధర కూడా దాన్ని బట్టే. వార్ మెడల్‌కూ విక్టరీ మెడల్‌కూ పేరు అంచు మీద ఉంటుంది. స్టార్‌కు వెనకవైపు చదునుగా ఉన్నచోట ఉంటుంది. అంచుల్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, వెలుతురు పక్కనుంచి పడేలా తీసిన ఫొటోలు అడగండి. స్టార్ వెనకవైపు ఫొటో కూడా. అడిగినా పంపకపోతే ఆ లాట్ వదిలేయడమే మంచిది.

మూడింటి మీదా పేరు, దళం కలవాలి. ర్యాంకు మాత్రం స్టార్ మీద ప్రైవేట్ (మామూలు సిపాయి) అనీ, మిగతా రెంటి మీద సార్జెంట్ అనీ ఉండొచ్చు. మధ్యలో ప్రమోషన్ వచ్చిందంతే. ఆఫీసర్ల మెడల్స్ మీద సర్వీసు నంబరు ఉండదు, దానికి కంగారుపడక్కర్లేదు.

ఆ తర్వాత బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 372 సిరీస్ తెరిచి, ఆ పేరు మీద మెడల్ ఇండెక్స్ కార్డు, అంటే ఎవరికి ఏ మెడల్ వచ్చిందో రాసిపెట్టిన కార్డు, వెతకండి. ఈ స్టార్ రావాలంటే 1915 డిసెంబర్ 31 లోపు యుద్ధరంగంలో అడుగుపెట్టి ఉండాలి. కార్డులో ఆ తేదీ 1916 అని ఉందంటే స్టార్‌ను తర్వాత ఎవరో జతచేశారు. సర్వీసు ఫైలు దొరకలేదని మాత్రం అనుమానపడకండి. 1940లో లండన్ మీద జరిగిన బాంబుదాడిలో సైనికుల ఫైళ్లు సగానికి పైగా పోయాయి.

రిబ్బన్‌బార్:
ఫొటోలు వచ్చాయి. పేర్లు, దళం కలిశాయి. వార్ మెడల్ మీద రాజు ముఖం బాగా అరిగింది, అంచు మీద అక్షరాలు మాత్రం కొత్తగా కొట్టినంత పదునుగా ఉన్నాయి. పేరు మార్చారంటారా?

అంచుచూడు:
అదొక్కటే సాక్ష్యం కాదు. ముఖం పైకి తేలి ఉంటుంది, పాలిష్ గుడ్డ ముందు దాన్నే తినేస్తుంది. అక్షరాలు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి నిలుస్తాయి. పేరు మార్చాలంటే పాత అక్షరాల్ని ఆకురాయితో అరగదీయాలి, అంటే లోహం తగ్గాలి. అసలు వ్యాసం 36 మి.మీ. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు దిక్కుల్లో కొలిచి చెప్పమనండి. ఒకచోట 36 ఉండి ఇంకోచోట 35.6కు దిగిందంటే అక్కడ ఆకురాయి పడింది. ఫొటోను పెద్దది చేసి అక్షరాల మధ్య ఖాళీల్లో చూడండి: ఒకే దిక్కుకు పోయే సన్న గీతలు, లేదా పాత అక్షరం తాలూకు మసక నీడ. ఏ ఒక్కటి కనిపించినా ఆగిపోండి.

వేలాడదీసే కడ్డీ కూడా చూడండి. వార్ మెడల్‌కు తిరగని, తిన్నటి కడ్డీ ఉంటుంది. దాని బదులు రింగు ఉన్నా, వెనక టంకం మచ్చ ఉన్నా ఒకప్పుడు దాన్ని బ్రోచ్‌గానో గొలుసుకు లాకెట్‌గానో మార్చి ఉంటారు.

హామర్‌లెక్క:
బిడ్ సంగతి. తెరమీద కనిపించేది హామర్ ధర, అంటే బిడ్ ఆగిన మొత్తం. మీరు కట్టేది అది కాదు. నిబంధనల పేజీలో కొనుగోలుదారు ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే కమీషన్), దాని మీద పన్ను, వేలం వేదిక అదనపు రుసుము వేరువేరుగా ఉంటాయి. హామర్ 100 అనుకోండి. ప్రీమియం 25 శాతం, రుసుము 5 శాతం, ఈ రెంటి మీద 20 శాతం పన్ను అయితే మొత్తం 136. అందుకని ఉల్టా లెక్కేయండి: చేతిలో ఉన్న డబ్బులోంచి రవాణా, బీమా, దిగుమతి సుంకం తీసేసి, మిగిలింది 1.36తో భాగించండి. 300 మిగిలితే మీ పైమెట్టు 220. సుంకం ప్రీమియం కలిపిన ధర మీద పడే అవకాశం ఉంది, దాన్ని తక్కువ లెక్కేయకండి.

చివరి క్షణంలో బిడ్ వేసే ఎత్తు, గడువు గట్టిగా ముగిసే సైట్లలోనే పనిచేస్తుంది. చివర్లో బిడ్ పడగానే సమయం పొడిగించే చోట దానివల్ల లాభం లేదు. అక్కడ గరిష్ఠ మొత్తం ముందే పెట్టేయండి. ఇద్దరిదీ ఒకే మొత్తమైతే మామూలుగా ముందు పెట్టినవాళ్లకే దక్కుతుంది.

పాతవెండి:
గెలిస్తే ఒక మాట చెప్పి పంపించుకోండి: మూడింటినీ విడివిడిగా చుట్టమనండి. ఒకే కవర్లో వేస్తే స్టార్ మొనలు వెండి మీద గాట్లు పెడతాయి. వచ్చాక పాలిష్ పెట్టకండి, నల్లబడ్డ పొరను అలాగే వదిలేయండి. పాత రిబ్బన్ ఉతక్కండి. పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు జిగట కారి లోహం ఆకుపచ్చగా మారుతుంది. పాలిథీన్ కవరు, పక్కన సిలికా జెల్ సంచి చాలు.

లాట్ పేజీ, అంచు ఫొటోలు, ఇన్‌వాయిస్ మూడూ సేవ్ చేసుకోండి. నకిలీ అని తేలితే తిరిగిచ్చేందుకు చాలా సంస్థలు గడువు పెడతాయి. అది ఎన్ని రోజులో బిడ్ వేసేముందే నిబంధనల్లో చదవాలి, పార్సిల్ రాగానే కాలిపర్ పట్టాలి.