అప్‌డేట్: మోకాలిచిప్ప నొప్పితో స్కూబా చేయొచ్చు, కానీ నిచ్చెన దగ్గర జాగ్రత్త

మోకాలిచిప్ప వెనక మృదులాస్థి అరిగింది, మెట్లు దిగితే నొప్పి, అండమాన్‌లో స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) చేయొచ్చా అని అడిగాను కదా. ఆర్థో డాక్టరు సరేనన్నారు. నీళ్లలో పెద్ద ఇబ్బందేం లేదు. అసలు తంటా పడవ ఎక్కేటప్పుడే.

11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ నిండా గాలితో దాదాపు 17 కిలోలు. నడుముకి సీసం బరువులు అదనం. అదంతా మోస్తూ మోకాలు మడిచి నిచ్చెనెక్కితే భారమంతా చిప్ప మీదే. అందుకే నీళ్లలోనే విప్పి పైకి అందించేయాలి: ముందు బరువుల బెల్టు, తర్వాత గాలి నింపిన బీసీడీ, అంటే సిలిండర్ తగిలించి ఉండే, నీళ్లలో తేల్చే జాకెట్. ఈ వరుస తిరగేశారో, బెల్టు కిందికి లాగేస్తుంది. ఫిన్స్ (పాదాలకి తొడిగే ఈత రెక్కలు) మాత్రం నిచ్చెన పట్టుకున్నాకే తీయాలి.

ఫిన్స్ మెత్తనివి తీసుకోండి, కాలు తుంటి నుంచి ఆడించండి. ఫ్రాగ్ కిక్ (కప్పలా మోకాళ్లు మడిచి పక్కలకి తన్నడం) వద్దు, మోకాలి లోపలివైపు లిగమెంటును లాగుతుంది.

వ్యాయామం రోజు విడిచి రోజు: కాలు చాచి పైకెత్తడం 10 చొప్పున 3 సార్లు, పక్కకి తిరిగి పడుకుని కాలెత్తడం కూడా అంతే. ఆ తర్వాత 15 సెంటీమీటర్ల మెట్టు మీంచి నెమ్మదిగా దిగడం. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలితే తుంటి కండరం బలహీనమన్నట్టే, మెట్టు ఎత్తు తగ్గించండి.

డైవ్‌కి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. పైకొచ్చాక కొత్తగా, లోతుగా, కదిపినా కదపకపోయినా ఒకేలా నొప్పి ఉంటే పాత మోకాలే అని సరిపెట్టుకోకండి. డీకంప్రెషన్ జబ్బు (పైకొచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) కావచ్చు. వెంటనే ఆక్సిజన్, డాక్టరు.