పాలు మాన్పించిన పంది పిల్లలకు మూలికల పొడి పనిచేస్తుందా?

మదనపల్లె_ఫారం: 35వ రోజున పాలు మాన్పించాను. వారం తిరగకముందే 11 పిల్లల్లో 7 పారుతున్నాయి. పెంటలో మొక్కజొన్న ముక్కలు అట్లాగే కనబడుతున్నాయి. దాణాలో మూలికల పొడి కలిపితే అరుగుదల పెరుగుతుందని షాపులో అంటున్నారు. నిజమేనా? ఏ వయసు నుంచి పెట్టాలి, కిలో ఎంత పడుతుంది? యాంటీబయాటిక్ కలపడం నాకు ఇష్టం లేదు.

తవుడుబస్తా: పోయినేడాది ఆ పొడికి 9 వేలు పోశాను. డబ్బా మీద హెర్బల్ అని తప్ప లోపల ఏముందో ఒక్క ముక్క రాయలేదు. నాలుగు పిల్లలు చచ్చిపోయాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొనొద్దు తమ్ముడూ.

సీమపందుల_అక్క: వాము చాలు. దోరగా వేయించి, దంచి దాణాలో కలుపుతాను. మూడు ఈతలుగా మా దగ్గర పారుడు లేదు.

ఫీడ్‌మిల్లు_12ఏళ్లు: అక్కా, వాములో పనిచేసేది థైమాల్. అది ఆవిరయ్యే నూనె. వేయిస్తే సగం వంటింట్లోనే పోతుంది. మిగిలింది కూడా చాలావరకు పేగు మొదట్లోనే ఇంకిపోతుంది, చివరిదాకా వెళ్లదు. అందుకే మంచి కంపెనీలు కొవ్వు పూత వేసి అమ్ముతాయి. 12 ఏళ్లుగా దాణా తయారుచేస్తున్నాను, ఊరికే చెప్పడం లేదు.

సీమపందుల_అక్క: మీ పన్నెండేళ్లు మీ దగ్గరే ఉంచుకోండి సార్. నా పిల్లలు బతికాయి.

ఫీడ్‌మిల్లు_12ఏళ్లు: బతికినందుకు సంతోషమే. ఆ మూడు ఈతల్లో ఇంకేమైనా మార్చారా?

సీమపందుల_అక్క: పచ్చి సోయా మానేసి వేయించిన సోయా పెట్టాను. అయితే ఏంటి?

ఫీడ్‌మిల్లు_12ఏళ్లు: అదే కదా అసలు సంగతి! పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను, అంటే మాంసకృత్తులను అరిగించే ఎంజైమ్‌ను, అడ్డుకునే పదార్థం ఉంటుంది, అందుకే అవి అరగవు. వేయిస్తే అది పోతుంది. వేయించాల్సింది సోయాని, వాముని కాదు.

సీమపందుల_అక్క: ఏది పనిచేసిందో మీరు మా కొట్టంలో నిలబడి చూశారా?

వెట్_చదువుతున్నా: గొడవ వద్దు. పాలు తాగేటప్పుడు పాలచక్కెర పులిసి కడుపులో పులుపు ఉంటుంది. పాలు ఆగాక పులుపు తగ్గుతుంది, పేగు లోపలి నూగు పొట్టిబడుతుంది. అరగని మాంసకృత్తులు కింద కుళ్లి పారుడు పడుతుంది. పిల్ల దాణాలో ప్రోటీన్ 22 శాతం ఉంటే 18కి దించి, లైసిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) విడిగా కలపండి. యూరప్‌లో 2006లో పెరుగుదల కోసం వేసే యాంటీబయాటిక్స్, 2022లో పారుడు ఆగడానికి మందు మోతాదులో వేసే జింక్ ఆక్సైడ్ ఆపేశారు. ఈ పొడులకు గిరాకీ అలా పెరిగింది.

హోటల్‌తిండి_మేపు: ఇంత చదువెందుకు? హోటల్ మిగులు పోస్తాను, రాళ్లు కూడా అరుగుతాయి.

తవుడుబస్తా: ఉడకబెడుతున్నావా?

హోటల్‌తిండి_మేపు: కట్టెలకు డబ్బులు నువ్విస్తావా?

తవుడుబస్తా: మాట జాగ్రత్త! 2020లో అస్సాంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు వచ్చి ఎన్ని కొట్టాలు ఖాళీ అయ్యాయో తెలుసా? ఆ జబ్బుకు మందు లేదు. ఉడకబెట్టని తిండిలో జబ్బు పంది మాంసం ముక్క ఒక్కటి ఉంటే చాలు, అంటుకుంటుంది. నీ పక్క ఊళ్లో మా తమ్ముడికి 40 పందులున్నాయి.

సీమపందుల_అక్క: ఈ విషయంలో తవుడుబస్తా గారి మాటే నా మాట. ఉడకబెట్టకుండా పెట్టడం పాపం.

టీ17_పెంపకం: మా దగ్గర తిరుపతి టీ-17 రకం పందులు. పదో రోజు నుంచే తల్లి పక్కన క్రీప్ దాణా (పాలు తాగే పిల్లలకు పెట్టే దాణా) కొంచెం కొంచెం రుచి చూపిస్తాను. 42 రోజులదాకా తల్లి దగ్గరే ఉంచుతాను. మదనపల్లె అన్నా, నలగని మొక్కజొన్న అంటే పొడి సంగతి తర్వాత, ముందు దాణా పట్టే మిషన్ చూడు. జల్లెడ రంధ్రం ఎంత?

మదనపల్లె_ఫారం: ఇప్పుడే కొలిచాను, 6 మిల్లీమీటర్లు.

టీ17_పెంపకం: పెద్ద పందులకే అది ముతక. పిల్లలకు 3 పెట్టు. పారేవాటికి ఈ రాత్రే ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు పెట్టు, నీరు పోయే చస్తాయి. పొద్దున డాక్టర్‌ను పిలువు.

మదనపల్లె_ఫారం: నీళ్లు పెట్టాను, ఐదు తాగాయి. రెండు లేవడం లేదు, డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. పూత వేసిన పొడి కిలో ఎంతో ఎవరైనా చెప్పండి.