కింది రిడ్జ్ (పళ్లు పోయాక మిగిలే దవడ గట్టు) అరిగిపోయిన వారి పళ్ల సెట్టుకు ఏ ఆక్లూజన్ (పై, కింది పళ్లు కలిసే తీరు) ఎంచుకోవాలి?

ప్రశ్న (దంతవైద్యుడు, అమలాపురం):
నా దగ్గరకు వస్తున్న ఒక పెద్దావిడకు 72 ఏళ్లు. పై రిడ్జ్ ఫరవాలేదు గాని, కింది రిడ్జ్ అరిగి దాదాపు చదునైపోయింది. ఆవిడ వేరేచోట కట్టించుకున్న సెట్టులో 33 డిగ్రీల పళ్లున్నాయి (అంటే కస్పులు, నమిలే మొనలు, 33 డిగ్రీల వాలుతో ఉన్నవి). నమిలేటప్పుడు కింది సెట్టు ముందుకు జారి చిగురు ఒరుసుకుపోతోంది. చదును పళ్లు పెడదామంటే కొబ్బరి ముక్క, చేపల వేపుడు నమలలేనేమోనని ఆవిడ దిగులు పడుతున్నారు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

జవాబు (ప్రోస్థోడాంటిస్ట్ అంటే కృత్రిమ దంతాల నిపుణుడు, భీమవరం):
డాక్టర్ గారూ, నేనైతే లింగ్వలైజ్‌డ్ ఆక్లూజన్ వైపే మొగ్గుతాను. ఇందులో పై పళ్ల అంగిలి వైపు కస్పులు మాత్రమే, రోట్లో రోకలి పడినట్టు, కింది పళ్ల నడిమి గుంటల్లో ఆనుతాయి. బుగ్గ వైపు కస్పులు తగలవు కనుక పక్కకు తోసే బలం తగ్గి, నమిలే బరువు కింది రిడ్జ్ మీదికి నేరుగా దిగుతుంది. పైన కస్పు ఉండనే ఉంటుంది కాబట్టి ఆవిడ చేపల వేపుడుకు దూరం కానక్కర లేదు. 33 డిగ్రీల పళ్లను రూపొందించిన దంతవైద్యుడు గైసీయే 1927లో ఈ పద్ధతినీ ముందుకు తెచ్చారు. పరిశోధకురాలు టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన దీర్ఘకాల పరిశీలనలో కింది దవడ ముందుభాగపు ఎముక పైదానికంటే సుమారు 4 రెట్లు తరిగినట్టు తేలింది. అందుకే ఎప్పుడూ కింది సెట్టును కాపాడే ఏర్పాటునే ముందు ఆలోచించాలి. అయితే సెంట్రిక్ రిలేషన్ (పై దవడకు కింది దవడ కుదురుగా నిలిచే స్థానం) సరిగా రాబట్టకపోతే ఏ పద్ధతీ ఆదుకోదు.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, రాజమహేంద్రవరం):
సార్, సెట్టు ముందుకు జారుతోందన్నారు కనుక పాత సెట్టులో కింది రెండో మోలార్ (దవడ పన్ను) ఎక్కడుందో ఒకసారి చూడండి. రిడ్జ్ వెనక భాగం రెట్రోమోలార్ ప్యాడ్ (కింది రిడ్జ్ చివర ఉండే మెత్తని చిగురు దిబ్బ) వైపు పైకి లేచే ఏటవాలు మీద పన్ను నిలిపితే, నమిలిన ప్రతిసారీ సెట్టు ముందుకే తోసుకుపోతుంది. ఆ వాలు మొదలయ్యే చోట మోడల్ మీద గీత గీసి పంపితే, మేము అక్కడితో ఆపి రెండో మోలార్ వదిలేస్తాం.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, మీరన్నట్టు ఆ మోలార్ వాలు మీదే ఉంది. లింగ్వలైజ్‌డ్ పద్ధతిలోనే, రెండో మోలార్ లేకుండా చేయిస్తాను. ముందు పళ్లు నిండుగా కనబడాలని ఆవిడ కోరిక. వాటిని ఎంత కిందికి దించవచ్చు?

జవాబు (ప్రోస్థోడాంటిస్ట్, భీమవరం):
పై పళ్లు కింది పళ్లను లోతుగా కప్పేలా పెట్టకండి. అలా పెడితే దవడ ముందుకు కదిలినప్పుడు ముందు పళ్లే తగిలి, వెనక పళ్లు విడిపోయి, కింది సెట్టు వెనకవైపు లేస్తుంది. నిండుతనాన్ని పెదవికిచ్చే ఆసరాతో సాధించండి. పై నడిమి పళ్ల ముందు ముఖం ఇన్సిసివ్ పాపిల్లాకు (పై ముందు పళ్ల వెనక అంగిలి మీది చిన్న చిగురు బుడిపెకు) 8–10 మిల్లీమీటర్ల ముందుండడం మంచి ఆరంభం. మైనంలో పళ్లు అమర్చి నోట్లో పెట్టి చూసే ట్రయల్‌లో “ఫోను” అనిపించి, పై పళ్ల అంచు కింది పెదవి తడి, పొడి కలిసే గీతను తాకుతోందో లేదో చూసుకోండి. ఇంట్లోవాళ్లు కూడా చూసి సరేనన్నాకే అక్రిలిక్‌లో (ప్లాస్టిక్‌లో) సెట్టు తయారీకి పంపండి.