అవగాహన సభలతో ఆడవాళ్లపై హింస తగ్గుతుందా, ఫొటోలకేనా?

కాగితంపడవ:
నవంబర్ 25, ఆడవాళ్లపై హింస నిర్మూలన దినానికి ఈసారి కూడా సభ పెట్టాం. 1960లో అదే రోజున డొమినికన్ నియంత ట్రుహియో మనుషులు మిరబల్ అక్కచెల్లెళ్లు ముగ్గురిని చంపేశారు. ఏటా నా ప్రసంగం అక్కడే మొదలవుతుంది. తర్వాత ప్లకార్డులు, ప్రతిజ్ఞ, ఫొటో. వచ్చేవాళ్లు దాదాపు అవే మొహాలు, హింస తప్పని ముందే ఒప్పుకున్నవాళ్లు. కుర్చీలు సర్దుతుంటే మాతో పనిచేసే కుర్రాడు అడిగాడు, "దీనివల్ల ఒక్క దెబ్బైనా ఆగిందంటారా?" అని. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

గళ్లనుడికట్టు:
ఆగదు. కొట్టేవాడు తప్పని తెలియక కొట్టడు. తెలియనివాడైతే ఆఫీసులో బాస్ మీదా చెయ్యి చేసుకునేవాడే. అక్కడ చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎక్కడ చెల్లుతుందో వాడికి బాగా తెలుసు. కావాల్సింది కేసు, శిక్ష, ఆమెకు సొంత సంపాదన. మిగతాదంతా తంతు.

వానచినుకు:
గళ్లనుడికట్టు గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. పదకొండేళ్లు దెబ్బలు తిన్నదాన్ని కాబట్టి చెబుతున్నా. చట్టం ఉందని నాకు తెలుసు, హెల్ప్‌లైన్ నంబరూ తెలుసు. పక్కింటికీ మాకూ మధ్య గోడ పల్చన. మా టీవీ వినపడుతోందని గొడవకొచ్చినవాళ్లకి నా ఏడుపు వినపడలేదంటే నమ్మను. మర్నాడు మెట్ల దగ్గర "బాగున్నారా" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వుతోనే నా నోరు పడిపోయేది. ఇదంతా మామూలే కాబోలు, నేనే గోల చేస్తున్నానేమో అనుకునేదాన్ని.

చివరికి ఆఫీసులో ఒకావిడ నా మోచెయ్యి చూసి "ఇవాళ కూడానా?" అంది. ఆ సాయంత్రం మొత్తం చెప్పేశాను. ఇన్నాళ్లు ఎందుకు భరించావని ఆవిడ అడగలేదు. మీ సభలు కొట్టేవాడి కోసం కాదు, ఆ పక్కింటివాళ్ల కోసం పెట్టండి.

చదువరి:
ఉగాండా పల్లెల్లో జరిగిన ఒక పరిశోధన ఈ మాటే చెబుతోంది. 112 ఊళ్లలో సినిమాలు వేసి, కొన్నిచోట్ల మధ్యలో భార్యలపై హింస గురించి చిన్న చిన్న కథలు చూపించారు. కొట్టడం తప్పా ఒప్పా అన్న అభిప్రాయాలు పెద్దగా మారలేదు. కానీ చెబితే చాడీలు చెప్పేదాన్నంటారన్న భయం తగ్గింది, పెద్దలకు చెబుతామన్న ఆడవాళ్లు పెరిగారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ ఊళ్లలో ఇళ్లలో హింసా తగ్గింది.

అదే దేశంలో, కంపాలా నగరంలో ‘సాసా!’ అని ఇంకో ప్రయత్నం జరిగింది. స్వాహిలీలో ‘ఇప్పుడు’ అని అర్థం. అక్కడివాళ్లకే శిక్షణ ఇచ్చి, ఏళ్ల తరబడి ఇరుగుపొరుగుతో మాట్లాడించారు. మొదలుపెట్టింది హింసతో కాదు, ఎవరి మాట ఎవరి మీద చెల్లుతుంది అన్న ప్రశ్నతో. 2014లో వచ్చిన ఫలితాల్లో, ఆ ప్రయత్నం జరగని ప్రాంతాలకన్నా జరిగిన ప్రాంతాల్లో భాగస్వామి చేతి దెబ్బలు 52 శాతం తక్కువ.

ఇంకోటి. ‘జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు హింస అనుభవించిన ఆడవాళ్లు ప్రతి ముగ్గురిలో ఒకరు’ అని ఊరికే పోస్టర్ వేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా నిజమే, కానీ కొట్టేవాడు దాన్ని ‘అందరిళ్లలో ఉన్నదేగా’ అని చదువుకునే ప్రమాదం ఉంది.

ఒంటిస్తంభం:
మగవాళ్లు పడే హింస సంగతేంటి?

చదువరి:
ఉంది. దానికి వేరే చర్చ తెరవండి, నేనూ వస్తాను.

గళ్లనుడికట్టు:
చదువరి గారూ, ఆ 52 శాతాన్ని అంతగా నమ్ముకోకండి. 8 ప్రాంతాల్లో చేసిన అధ్యయనం. తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పేంత బలం ఆ అంకెకు లేదు. సినిమా సంగతి మాత్రం ఒప్పుకుంటా, నేననుకున్నది అది కాదు. సరే, ఆమె నోరు విప్పింది. వెళ్లడానికి చోటేది? విషయం బయటపడిందని తెలిస్తే వాడు ఇంకా రెచ్చిపోడా?

వానచినుకు:
రెచ్చిపోతాడు. నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడింది ఇల్లు వదిలిన వారంలోనే. అందుకే వెళ్లి అతన్ని నిలదీయమని ఎవరికీ నేర్పకండి, తర్వాత ఆ కోపం ఆమె మీదే తీర్చుకుంటాడు. ఆమె ఒంటరిగా దొరికినప్పుడు అడగాలి. బ్యాగు దాచమంటే దాచాలి. నా సర్టిఫికెట్లు నాలుగు నెలలు ఆ ఆఫీసు ఆవిడ బీరువాలోనే ఉన్నాయి.

కాగితంపడవ:
అయితే వచ్చేసారి వేదిక, మైకు లేవు. నలుగురైదుగురు చొప్పున కూర్చుని, ఎలా అడగాలో ఒకరితో ఒకరు అని చూస్తాం. దానికి ముందు దగ్గర్లో ఆశ్రయం ఎక్కడుందో, రాత్రి రెండింటికి అక్కడ ఫోన్ ఎత్తుతారో లేదో తెలుసుకోవాలి. ఆ పని ప్రశ్న అడిగిన కుర్రాడికే అప్పగించాను. వానచినుకు గారూ, మొదటిసారి అడిగేటప్పుడు ఏమనాలి?

వానచినుకు:
"రాత్రి మీ ఇంట్లోంచి చప్పుడు వినపడింది, మీరు బాగానే ఉన్నారా?" అనండి. ఏం లేదంటుంది. నేనూ అలాగే అనేదాన్ని. వారం ఆగి మళ్లీ అడగండి.